బిందె మీద వణికిన పేరు

పాత్ర మీద పేరు కొట్టడం చూసేవాళ్లకు సులువుగా కనబడుతుంది. ఒళ్లో చెంబు, ఎడమచేతిలో సన్నటి ఉలి, కుడిచేతిలో అరచేతికి ఇమిడే సుత్తి. టిక్కు టిక్కుమని చుక్క పక్కన చుక్క పడుతూ పోతుంది, చుక్కలన్నీ కలిసి అక్షరమవుతాయి. కాస్త బలంగా తగిలితే చెంబుకు చిల్లు పడుతుంది. మెత్తగా కొడితే నాలుగు తోముళ్లకు పేరు మాయం. అందులోనూ గుండ్రటి చెంబు మీద మన గుండ్రటి అక్షరాలను తిప్పడం అందరి వల్లా అయ్యే పని కాదు. తిరుపతిలో గుడి వీధిలో మాకు రాగి, ఇత్తడి పాత్రల అంగడి ఉండేది. అక్కడ పేర్లు కొట్టేవాడు మా అన్న. కొండ దిగి వచ్చిన యాత్రికులు చెంబు కొని, అన్న చేత పేరు కొట్టించుకొని, దాన్ని తడిమి తడిమి చూసుకుంటూ రైలుకు పోయేవాళ్లు. అరవం వాళ్లు కాగితం మీద రాసిస్తే అరవ అక్షరాలు కూడా దించేసేవాడు, ఒక్కటీ చదవడం రాకపోయినా.

అన్నకు అప్పటికి మీసాలు సరిగా రాలేదు. నేను వాడికంటే రెండేళ్లు చిన్న. వాడికి దేవుడు చేతిలో పనితనం పెడితే నాకు నోట్లో దురుసు పెట్టాడని ఇంట్లో అనుకునేవాళ్లు. ఉన్నమాట అనేస్తాను. పెళ్లివారింట్లో పాయసం మాడిందని పెళ్లికొడుకు తల్లి ముందే అన్నందుకు అమ్మ నాకు తొడపాశం పెట్టింది. పాయసం మాడిన మాట మాత్రం నిజం.

అంగడి వెనకే ఇల్లు. అందులో నాయన, అమ్మ, అన్న, నేను, అవ్వ. అవ్వ మా అమ్మకు కన్నతల్లి, మా నాయనకు తోడబుట్టిన అక్క. నాయన తన సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు మరి. మా వైపు దీన్ని వింతగా ఎవరూ చూడరు. పిల్ల కళ్ల ముందే ఉంటుంది, అత్తగారు కొత్తమనిషి కాదు, అలిగినా పక్క వీధికే పోతుంది. అవ్వ కూడా తన మేనమామనే చేసుకుంది. నేను ఉయ్యాల్లో ఉండగానే అవ్వ నన్ను తన చిన్న కొడుక్కి అనుకొని పెట్టుకుంది. ఆ మామ గూడూరులో నిమ్మకాయల మండీలో పని చేసేవాడు. వచ్చాడంటే ఇల్లంతా నిమ్మకాయల వాసన. మామంటే నాకు ఇష్టమే. ఇష్టమా అని నన్నెవరూ అడగలేదు గానీ, అడిగినా అదే చెప్పేదాన్ని.

ఇంట్లో ఒక రాగి బిందె ఉండేది. అవ్వ వాళ్లమ్మది. ఆడపిల్లకు పెళ్లి చేసేటప్పుడు ఆ బిందె మీద తల్లి పేరు కింద కూతురి పేరు కొట్టి, అత్తవారింటికి దాన్ని తోడిచ్చి పంపడం మా వాళ్ల ఆచారం. పంపడమనేది పేరుకే. అవ్వతో పాటు పక్క వీధికి పోయింది, అమ్మతో పాటు మళ్లీ ఈ వీధికి వచ్చింది. బిందె ఊరి పొలిమేర దాటిన పాపాన పోలేదు. దాని మీద మూడు పేర్లు ఉండేవి. మూడో పేరు కింద ఖాళీ జాగా నాది. నా పేరు తానే కొడతానని, అవ్వ కాలంనాటి పేర్లు దాని ముందు వెలవెల పోతాయని అన్న చిన్నప్పటినుంచి గొప్పలు పోయేవాడు. ఆ బిందెలోనే రాత్రిపూట నీళ్లు పోసి, తులసాకులు వేసి, పొద్దున్నే పరగడుపున అందరం తలా ఒక గ్లాసు తాగేవాళ్లం. మా ఇంటి ఆరోగ్యమంతా ఆ నీళ్లలోనే ఉందని అవ్వ నమ్మకం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఆ కథ మొదలైంది. ఒకావిడ అంగడికి వచ్చి చెంబును నాయన ముందు ఠంగున పెట్టింది.

"ఇదేందప్పా, పేరు కొట్టినారా, చీమల్ని పాకించినారా?"

నాయన చెంబు తిప్పి చూశాడు. అక్షరాలు నిజంగానే ఒకదాని మీద ఒకటి ఎగబాకుతున్నాయి. ఉలి మొద్దుబారిందన్నాడు. కొత్త ఉలి తెచ్చాడు. తర్వాత సుత్తి పిడి వదులైందన్నాడు. తర్వాత అంగట్లో వెలుతురు చాల్లేదని బల్బు మార్చాడు. ఆ తర్వాత సరుకు పంపే మద్రాసు వాడు రేకు పలచన చేసేశాడని వాణ్ణి తిట్టాడు. అమ్మ, అవ్వ కూడా ఔనౌనన్నారు. ఇంతమందీ చూడనట్టు నటించింది ఒక్కటే. ఆ మాట నేను అనేశాను.

"అన్నా, నీ చెయ్యి వొణకతా ఉండాది."

అన్న సుత్తిని గోడకేసి కొట్టాడు. కాసేపటికి వెళ్లి వాడే తెచ్చుకున్నాడు. కూర్చుని తన కుడిచేతి వంక చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అన్నట్టు. "నువ్వొక్కదానివే సెప్పినావు పాపా" అన్నాడు మెల్లిగా.

చేతి తర్వాత మాట ముద్దైంది. నోటి చివర చొంగ కారేది. నడిస్తే ఒక కాలు బిర్రబిగిసేది. అన్నిటికంటే దారుణం, పెదవులు ఎప్పుడూ నవ్వుతున్నట్టే బిగుసుకుపోయాయి. లోపల ఏడుస్తున్నా పైకి ఆ నవ్వే. గుడి వీధిలో అంగడి పెట్టుకొని పొద్దున్నే సారాయి తాగుతాడంట అని పక్క అంగళ్లవాళ్లు అనుకోవడం అన్న చెవినే పడింది. ఆ తర్వాత వాడు అంగట్లోకి రావడం మానేశాడు. ఒక డాక్టరు నరాల బలహీనత అని టానిక్ రాశాడు. ఇంకొకాయన, ఈ వయసులో మొగపిల్లలకు మనసు నిలవదు, పెళ్లి చేయండి అన్నాడు. అమ్మ తాయెత్తు కట్టించింది. అవ్వ మాత్రం తన మందునే నమ్మింది. అన్నకు పొద్దున ఒక గ్లాసుకు బదులు బిందె నీళ్లు రెండు గ్లాసులు తాగించేది, సాయంత్రం ఇంకోటి.

"సూడు, వీని కండ్ల సుట్టూ బంగారు అంచు వచ్చుండాది. మా అమ్మ నీళ్లు ఊరికే పోవు" అని మురిసిపోయేది. నిజమే, కంటి నల్లగుడ్డు అంచున సన్నగా మెరిసేది ఏదో ఉండేది. వెలుతురు పక్కనుంచి పడితే ఆకుపచ్చా కాని, పసుపూ కాని మెరుపు. అంత జబ్బులోనూ వాడి కళ్లు అందంగా ఉన్నాయని నేనూ అనుకున్నాను.

చివరికి నాయన పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. తోడు నేనూ పోయాను, అన్న ముద్దమాటలు నాకే బాగా అర్థమయ్యేవి కాబట్టి. అక్కడొక డాక్టరమ్మ, చిన్న వయసే. అన్నను చేతులు చాపమంది, నడవమంది, పేరు రాయమంది. రాయడం వాడివల్ల కాలేదు. తర్వాత టార్చిలైటు తీసి వాడి కంటికి పక్కనుంచి వేసింది. వేసి, అలాగే ఉండిపోయింది. వాణ్ణి చీకటి గదిలోకి తీసుకుపోయి, గడ్డం ఆనించే ఒక యంత్రం ముందు కూర్చోబెట్టింది. ఆమె చూసింది. ఇంకో డాక్టర్ని పిలిచింది. ఆయన చూసి ఇంకొందర్ని పిలిచాడు. ఒకరి తర్వాత ఒకరు వంగి చూసి, లేచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను వాకిట్లో నిలబడి మెడ సాచి చూస్తుంటే డాక్టరమ్మ నవ్వి, "రా, నువ్వూ చూడు" అంది.

ఆ యంత్రంలోంచి మనిషి కన్ను చెరువంత కనబడుతుంది. ఆ చెరువు గట్టు పొడుగునా, లోపలి అంచున, సన్నగా దుమ్ము రాలినట్టు ఒక వలయం. గోధుమరంగు, బంగారు, ఆకుపచ్చ అన్నీ కలిసి, ఎవరో ఓపిగ్గా చుక్క పక్కన చుక్క పెట్టి తిప్పినట్టుంది. వణుకు అనేదే లేదు.  అంత అందమైనదాన్ని అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"ఇదేం రంగు మేడమ్?" అన్నాను.

"రంగు కాదమ్మా. రాగి."

నాయనకు అర్థం కాలేదు. "రాగా? యాడిది? మా అంగట్లోదా?" అన్నాడు.

"మనందరం తినే తిండిలోదే. అందరికీ వచ్చి పోతుంది. మీ అబ్బాయికి వచ్చింది గానీ పోయినట్టు లేదు" అంది డాక్టరమ్మ. తర్వాత అడిగింది, "మీరూ మీ ఆవిడా చుట్టాలా?"

నాయన ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. "పరాయోళ్లం కాదమ్మా. సొంత అక్క కూతుర్నే చేసుకున్నా" అన్నాడు. ఆమె తలూపింది, అంతే. ఆ తలూపడంలో ఏదో ఉందని నాకనిపించింది, నాయన గమనించలేదు.

జబ్బు ఖాయం చేయాలంటే ఒక రోజంతా మూత్రం పట్టి ఇవ్వాలన్నారు. రక్తం కూడా తీశారు. రెండూ వేలూరుకు పంపుతారట. ఒక ప్లాస్టిక్ క్యాను ఇచ్చి, ఒక్క బొట్టు కూడా పోకూడదన్నారు. మూత్రంలో చూసేదీ రాగినేనని ఆ క్యాను ఇచ్చిన మనిషి చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ క్యాను వాసన చూసి మొహం తిప్పుకుంది. ఆసుపత్రి క్యాను, ఎవరెవరు వాడారో ఏమో. మా ఇంట్లో దేన్ని శుభ్రం చెయ్యాలన్నా ఒకటే మార్గం, చింతపండు. తోముడు రాయి పక్కన మట్టిచట్టిలో ఒక ముద్ద ఎప్పుడూ నానుతూ ఉండేది. అంగట్లో మాసిన రాగి చెంబులన్నిటికీ అదే. రోజుల తరబడి చెంబుల నలుపంతా మింగి ఆ ముద్ద ముదురు పచ్చగా తిరిగి ఉండేది. అమ్మ దానితో క్యానును లోపలా బయటా తళతళమనేలా తోమి, వాసన పోవాలని ఆ చింతపండు నీళ్లే నిండా పోసి తెల్లారిందాకా నానబెట్టి, రాగి బిందె నీళ్లతో తొలిచి పెట్టింది. మర్నాడంతా అన్న చేత అందులో పట్టించి, నాయన భద్రంగా తీసుకెళ్లి ఇచ్చాడు.

వేలూరు నుంచి జవాబు రాగానే కబురొచ్చింది. డాక్టరమ్మ కాగితం పట్టుకొని ఉంది, మొహంలో నమ్మలేనితనం. రక్తం ఒకటి చెబుతోందట, మూత్రం ఇంకేదో చెబుతోందట. "ఇంత రాగి మనిషి ఒంట్లోంచి రావడం ఎవరూ చూసుండరు. గనిలోంచి రావాలి. ఇంతకీ మీది దేని అంగడి?" అని నాయనను అడిగింది.

"పాత్రల అంగడమ్మా. రాగి, ఇత్తడి."

"క్యాను దేంతో కడిగారు?"

నాయన నావైపు చూశాడు. నేను ఉన్నదంతా చెప్పేశాను, చింతపండు చట్టి, పచ్చరంగు, బిందె నీళ్లు. డాక్టరమ్మ చేతుల్లో మొహం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకొని, "మీ అమ్మ ఊళ్లో చెంబులన్నిటికీ పరీక్ష చేయించింది" అంది. తర్వాత నవ్వు ఆపేసి అంది, "కానీ ఇప్పుడు ఇదంతా మొదటినుంచీ చేయాలి. ఈలోపల కాలం పోతోంది."

 రెండోసారి క్యాను ఆసుపత్రిలోనే తొలిచి ఇచ్చారు. అమ్మ దాన్ని చీర కొంగుతో పట్టుకొని దూరంగా పెట్టింది, తాకితే చాలు రాగి అంటుతుందేమోనని. ఈసారి లెక్క గని అంత రాలేదు. అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషికి రావలసినదానికి ఎన్నో రెట్లు వచ్చింది. జబ్బు ఖాయమైంది.

ఆ జబ్బుకు ఒక తెల్లదొర డాక్టరు పేరుంది. అదేమిటో మా అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని డాక్టరమ్మ అవ్వను, అమ్మను కూడా రమ్మంది. తిన్న రాగి పేగుల్లోంచి కాలేయానికి పోతుందంది. కాలేయం తనకు కావలసింది ఉంచుకొని, కొంత రక్తంలోకి ఎక్కించి, మిగిలినదాన్ని పైత్యరసంలో కలిపి బయటికి గెంటేస్తుందంది. అన్నకు పుట్టుకతోనే ఆ గెంటే పని జరగడం లేదట. ఏళ్ల తరబడి కాలేయంలో పేరుకుని, అది నిండి పొర్లి, మెదడులోకి పోయి, కళ్ల అంచుకు చేరిందట. నాయన చాలాసేపు నేల చూస్తూ విన్నాడు.

"మద్రాసు లారీ వస్తే మేం సరుకు ఇట్లనే దించుతాం గదమ్మా" అన్నాడు. "వరసగా నిలబడి సేతినించి సేతికి బిందెలు అందించుకుంటాం. ముందు గది, నడిమి గది, వెనక గోడౌను. గోడౌను వాకిట్లో నిలబడే మనిషి లేడనుకో. లారీ దిగతానే ఉంటాది. బిందెలు ఇంట్లోనే పడతాయి. ఇంగ మనం యాడ నిలబడేది?"

"అంతే. సరిగ్గా అంతే" అంది డాక్టరమ్మ.

"అయితే సరుకు తప్పు గాదు."

"కాదు. రాగి లేకుండా ఎవరం బతకలేం. ఆ వాకిట్లో మనిషి లేడు, అంతే."

అవ్వ అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. "నేనే పోసినానమ్మా. పొద్దునా మాపూ నేనే పోసినాను" అంది. 

"అవ్వా, మనకు రాగి ఎక్కువ వచ్చేది తిండిలోంచే. నీళ్లు మానెయ్యాలి, నిజమే. కానీ జబ్బు తెచ్చింది నీళ్లు కాదు. అదే బిందె నీళ్లు నీ మనవరాలూ తాగింది గదా."

ఓదార్చడానికే అంది. కానీ ఆ మాటకు అందరూ తిరిగి నావైపు చూశారు.  డాక్టరమ్మ లేచి టార్చిలైటు తీసుకుంది. ఒకే తల్లిదండ్రుల బిడ్డల్లో ఒకరికుంటే మిగిలినవాళ్లకూ చూడాలట, జబ్బు పైకి రాకముందే.

నా కళ్లలో వలయం లేదు. రక్తం, మూత్రం వేలూరుకు పోయాయి. ఆ కబురు వచ్చేదాకా నేను పొద్దున లేచిన వెంటనే చేతులు చాపి చూసుకునేదాన్ని. వణికేవి, భయానికి. నిజం చెప్పాలంటే చచ్చేంత భయపడ్డాను. నాకు లేదని తెలిసిన రోజు సంతోషం కూడా సరిగా రాలేదు. ఒకే కడుపు, ఒకే కంచం, ఒకే బిందె. వాడికెందుకు, నాకెందుకు కాదు? డాక్టరమ్మ చెప్పింది, ఈ లోపం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు, రెండూ కలిస్తేనే జబ్బవుతుందట. ఒక పాలే ఉన్న మనిషికి ఏమీ కాదు, ఉన్నట్టే తెలియదు. బహుశా అవ్వనూ నాయననూ కన్నవాళ్లలో ఒకరి దగ్గరున్న ఒక్క పాలు అవ్వలోంచి అమ్మలోకి ఒక దారిన, నాయనలోకి ఒక దారిన దిగి, అమ్మ పెళ్లితో రెండు దారులూ మళ్లీ కలిశాయి. "నీలోనూ ఒక పాలు ఉండొచ్చు. ఉందో లేదో చెప్పే పరీక్ష ఇంకా రాలేదు. నిన్నేమీ చేయదు. నువ్వు ఎవర్ని చేసుకుంటావన్నదే..." అని ఆగిపోయింది. మామ సంగతి అవ్వ అప్పటికే ఆమెకు గర్వంగా చెప్పి ఉంది.

మందు మాత్రం ఉంది. పెనిసిలమిన్ అని, పెనిసిలిన్‌కు చుట్టం. ఒంట్లో రాగిని పట్టుకొని మూత్రంలో బయటికి లాక్కుపోతుంది. బతికినన్నాళ్లూ మింగాలి, అదీ పరగడుపున. మద్రాసు నుంచి తెప్పించుకునేవాళ్లం. ఇంట్లో వాడి వరకు రాగి బంద్. స్టీలును మా వైపు ఎవర్‌సిల్వర్ అంటారు. మా నాయన అంతవరకు ఎవర్‌సిల్వర్ అనే మాట వినబడితే ఉమ్మేసేవాడు, "అది పాత్రా, రేకు డబ్బా" అని. అలాంటి మనిషి పక్క అంగడికి తలవంచుకొని వెళ్లి, ఒక ఎవర్‌సిల్వర్ గ్లాసు, ఒక చెంబు కొని, సంచిలో దాచుకొని తెచ్చాడు. వాళ్లు చూడనే చూశారు. వేరుశెనగలో, అదే మా చెనిక్కాయల్లో, రాగి ఎక్కువంట, అవి కూడా మానమన్నారు. మా సీమలో చెనిక్కాయలు మానడమంటే గాలి మానడమే. వాడి కోసం ఇంట్లో ఎవరం తినలేదు. నేను మాత్రం చిత్తూరు పోయినప్పుడల్లా బస్టాండులో కొనుక్కు తినేసి, మూతి తుడుచుకొని వచ్చేదాన్ని.

మందు మొదలయ్యాక అన్నకు నయం కాలేదు, ముదిరింది. గ్లాసు పట్టలేకపోయాడు, మంచం దిగలేకపోయాడు. అమ్మ తట్టుకోలేక మాత్రల సీసాను బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. "నా బిడ్డ నడస్తా ఉన్నోడు, ఈ మాత్రలే పండబెట్టేసినాయి" అని. నేను డాక్టరమ్మకు చెప్పేశాను. అమ్మ నాతో చాలాకాలం మాట్లాడలేదు. డాక్టరమ్మ తిట్టలేదు. ఏళ్లుగా పేరుకున్న రాగిని కదిలిస్తే, బయటికి పోయేముందు కొందరికి ఇలా ముదురుతుందని చెప్పి, మాత్రలు తగ్గించి, మెల్లమెల్లగా పెంచింది. అన్నను అడిగింది, మింగుతావా అని. అన్న అనుకున్నది నోటిదాకా రావడానికి చాలాసేపు పట్టింది. "చె... య్యి" అన్నాడు. చెయ్యి కావాలి.

తర్వాత వచ్చినదాన్ని ఏమని చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. పంట పెరగడం ఎవరూ చూడలేరు గానీ పెరుగుతుంది చూడండి, అలా వచ్చింది. ఒక రోజు దిండు మీద చొంగ తడి లేదు. కొన్నాళ్లకు చొక్కా గుండీ తనే పెట్టుకున్నాడు, అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. మరో ఎండాకాలం తిరిగొచ్చేసరికి కర్ర పట్టుకోకుండా అంగడిదాకా నడిచాడు. ఒక మధ్యాహ్నం నేను వసారాలో చదువుకుంటుంటే అంగట్లోంచి టిక్కుమంది. ఆగింది. మళ్లీ టిక్కుమంది. నాయన గల్లా దగ్గర కదలకుండా కూర్చుని ఉన్నాడు, కదిలితే ఆగిపోతుందేమోనని. అన్న పాత రేకు ముక్క మీద చుక్కలు పెడుతున్నాడు, అక్షరాలు కాదు, ఒక గీత. ఆ గీత ఏటవాలుగా పోయింది. దాన్ని చూసి నేను గుడిలోలాగా చేతులు జోడించాను, తెలియకుండానే.

నేను తర్వాత సైన్సు చదివి, చిత్తూరులో బడిపంతులమ్మనయ్యాను. అన్న జబ్బు గురించి ఎక్కడ ఏది కనబడినా చదివేదాన్ని. మేము ఆసుపత్రి వరండాల్లో తిరిగిన రోజులకు డాక్టర్లకే తెలియని సంగతులు ఏళ్లు గడిచాక ఒక్కొక్కటే తేలాయి. కణంలోపల రాగి ఒంటరిగా తిరగడమనేదే దాదాపు లేదట. ఒంటరిగా వదిలితే తగిలినదాన్నల్లా చెడగొడుతుంది కాబట్టి, గడప దగ్గర ఒక ప్రోటీను అందుకుంటుంది, అది ఇంకోదానికి అందిస్తుంది, అది మరోదానికి. కింద పెట్టడమనే మాట లేదు. మా నాయన చెప్పిన లారీ వరసే. ఆ వరసలో చివర నిలబడే ఆ ఒక్క ప్రోటీను తయారీలో పొరపాటుండటమే అన్న జబ్బు. దానికి అక్కలాంటిది ఇంకోటి పేగుల వాకిట్లో నిలబడుతుందట. అది లేకుండా పుట్టే పసిబిడ్డలుంటారట. వాళ్లకు తిన్న రాగి ఒంట్లోకి అందదు. వెంట్రుకలు పెళుసై మెలికలు తిరిగి, ఎదుగుదల లేక, చాలామంది చిన్నతనంలోనే పోతారు. ఒకరికి రాగి పోదు, ఒకరికి రాగి రాదు. రక్తంలో రాగిని మోసే ప్రోటీను శుభ్రంగా విడదీస్తే నీలంగా ఉంటుందని చదివిన రోజు నేను పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయాను. పిల్లలు నవ్వారు. వాళ్లకేం తెలుసు, నేను ఆ రంగుకు చుట్టాన్ని.

మళ్లీ అన్న దగ్గరికి వస్తాను. వాడు లేచి తిరగడం మొదలయ్యాక మామ గూడూరు నుంచి ఒక గోతం నిమ్మకాయలతో వచ్చాడు. పెళ్లికి ముహూర్తం అడగడానికి వచ్చాడని అందరికీ తెలుసు. నాయన ఏమీ అనలేదు, అమ్మా అనలేదు. అనింది అవ్వ. తన కొడుక్కి, తను ఉయ్యాల్లోనే అనుకున్న పిల్లను, తనే వద్దంది.

"నాలోది నీలోకి వచ్చిందో లేదో నాకు తెలీదు నాయనా. దీంట్లోకి వచ్చిందో లేదో దీనికీ తెలీదు. ఇంగో బిడ్డ కండ్లల్లో ఆ బంగారం నేను సూడలేను" అంది.

మామ చాలాసేపు గోతం తాడు విప్పుతూ, కడుతూ ఉన్నాడు. "నాకూ రగతం తీసి సూడమనండి" అన్నాడు. ఆ రోజుల్లో అలాంటి పరీక్ష లేదని చెప్పాం. అప్పుడు నన్ను చూశాడు. "నువ్వేమంటావు?"

"నాకు భయంగా ఉండాది మామా" అన్నాను. "నువ్వంటే ఇష్టమే. అయినా భయంగా ఉండాది."

తలూపాడు. భోంచేసి పొమ్మంటే వినలేదు. నిమ్మకాయలు మాత్రం వదిలి పోయాడు. అమ్మ వాటన్నిటినీ ఊరగాయ పెట్టింది. ఆ ఏడాదంతా నేను ఆ ఊరగాయ ముట్టలేదు.

నాకు చిత్తూరులో బయటి సంబంధం కుదిరింది, ఏ వైపునుంచీ చుట్టరికం లేనివాళ్లు. పెళ్లికి ముందురోజు నాయన బిందెను తీసుకెళ్లి అంగట్లో పెట్టాడు. అప్పటికి బజారులో కరెంటు మిషన్లు వచ్చేశాయి, బుర్రుమని క్షణంలో పేరు గీకేస్తాయి. ఎందుకులే, మిషన్ మీద వేయిద్దామని అమ్మ మెల్లిగా అంది. అన్న వినిపించుకోలేదు. పొద్దున కూర్చున్నవాడు ఎండ వీధి దాటిపోయినా లేవలేదు. చేతికి పట్టీ గుడ్డ చుట్టుకొని ఉలితో బిందెను తాకుతున్నాడు, తాకుతున్నాడు, ఆగి చెయ్యి విదిలించుకుంటున్నాడు, మళ్లీ చుక్క. వీధిలో యాత్రికులు ఆగి చూసి పోతున్నారు. వాణ్ణి తాగుబోతు అన్న పక్క అంగడివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

అయిపోయాక నన్ను పిలిచాడు. అమ్మను కాదు, నాయనను కాదు.

"నిజం సెప్పు పాపా. వొణికిందా?"

బిందె తిప్పి చూశాను. పైన మూడు పేర్లు గుండ్రంగా, తిన్నగా ఉన్నాయి. నాది ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తున ఉంది. చివరి అక్షరం దగ్గర చుక్కలు గీత దాటి జారిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి దాన్ని పట్టుకున్నాయి.

"వొణికింది" అన్నాను.

"అట్లయితే మిషన్‌ది గాదు, నాదే" అన్నాడు. అని నవ్వాడు. అది బిగుసుకున్న నవ్వు కాదు. వచ్చి, నిండి, మళ్లీ తగ్గిపోయిన నవ్వు. తగ్గిపోవడం చూసి నాయన అంగడి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు.

పెళ్లైన మూడో రోజు చిత్తూరు బస్సులో బిందె నా ఒళ్లో ఉంది. కండక్టరు పైన వెయ్యమంటే ఇవ్వలేదు. ఊరి పొలిమేర దాటుతుంటే అక్షరాల మీద వేలు పెట్టి కూర్చున్నాను, చుక్క తర్వాత చుక్క.